గోడ దూకి వెళ్లిన పిల్లి దెబ్బతో తిరిగొస్తే

మా గవర్రాజు గండుపిల్లి. కాకినాడ రామారావుపేటలో మా పెంకుటింటి కప్పు, పక్కవాళ్ల మేడ, వెనక సందులో చేపలమ్మే ఆవిడ అరుగు, అదంతా వాడి రాజ్యమే. పొద్దున్నే తిని వెళ్తే సందె వేళకి వస్తాడు. పోయిన శ్రావణంలో ఒకరోజు రాత్రి పదకొండింటికి వచ్చాడు. నా కాళ్లకి రాసుకోలేదు, గిన్నె వైపు చూడలేదు, తిన్నగా బీరువా కిందకి దూరిపోయాడు. రక్తం చుక్క కనపడలేదు. అయినా ఏదో అయిందని అప్పుడే అర్థమైంది. పిల్లి నొప్పిని అరిచి చెప్పదు, దాక్కుంటుంది.

అలా వస్తే ముందు తలుపులు, కిటికీలు మూసేయండి. దెబ్బ తిన్న పిల్లి మళ్లీ బయటికి జారుకుందంటే మీకు దొరకని చోటే వెతుక్కుంటుంది. పిల్లల్ని ఆ గదిలోంచి పంపేయండి. కాళ్లు పట్టి బయటికి లాగొద్దు. పది నిమిషాలు ఊరుకుని, నేల మీద పడుకుని టార్చి వేసి చూడండి.

మొదట చూడాల్సింది ఊపిరి. కదలకుండా కూర్చున్న పిల్లి పొట్ట నిమిషానికి ముప్పైసార్లకి మించి ఎగరకూడదు. కుక్కలాగా నోరు తెరిచి రొప్పుతుంటే ఇంకేమీ చూడక్కర్లేదు, బయల్దేరాలి. కరవదనిపిస్తే పై పెదవి కాస్త ఎత్తండి. చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఆ రంగు తిరిగి రావాలి. తెల్లగా పాలిపోయినా, నీలంగా ఉన్నా, వెనక కాళ్లు ఈడుస్తున్నా తెల్లారేదాకా ఆగకూడదు. మా డాక్టరుగారు నేర్పిన ఇంకో గుర్తు గోళ్లు. గోళ్లు చీలికలై, అరిగిపోయినట్టుంటే బండి గుద్ది ఉండొచ్చు, ఈడ్చుకుపోయేటప్పుడు రోడ్డుని పట్టుకోబోయి అలా అవుతాయి. అలాంటి పిల్లి మామూలుగా నడుస్తున్నా నమ్మొద్దు. రొమ్ములో దెబ్బ, మూత్రాశయం చిట్లడం పైకి కనపడవు. మేడ మీంచి పడినదైతే నోట్లో కూడా చూడాలి, దవడ, అంగిడి చీలుతుంటాయి.

రక్తం కారుతుంటే ఉతికిన నూలుగుడ్డ మడత పెట్టి ఐదు నిమిషాలు అదిమి పట్టుకోండి. మధ్యమధ్య తీసి చూస్తే గడ్డకట్టింది మళ్లీ ఊడిపోతుంది. గుడ్డ తడిసిపోతే దాని మీదే ఇంకోటి వేయండి. కాఫీపొడి వద్దు, పసుపు వద్దు. తాడుతో బిగించి కట్టడం అసలే వద్దు.

ఇప్పుడు చెప్పేది రాయడానికి నాకు కష్టంగానే ఉంది. గవర్రాజు కంటే ముందు మాకు చిట్టి అనే ఆడపిల్లి ఉండేది. ఒకరోజు కుంటుతూ వచ్చింది. నొప్పి తగ్గుతుంది కదా అని పారాసిటమాల్ సగం మాత్ర నలిపి పెరుగన్నంలో కలిపి నా చేత్తోనే పెట్టాను. సాయంత్రానికి మొహం ఉబ్బింది, చిగుళ్లు గోధుమ రంగుకి తిరిగాయి. తెల్లారేసరికి చనిపోయింది. కాలి దెబ్బతో చావాల్సిన పిల్లి కాదది. మన కాలేయం ఆ మందుని విరిచేసే పద్ధతి పిల్లికి దాదాపు లేదు. ఆ విషానికి రక్తం ప్రాణవాయువుని మోయలేకపోతుంది. వెంటనే తీసుకెళ్తే డాక్టరు దగ్గర విరుగుడు ఉంటుందన్న సంగతి కూడా నాకు తర్వాతే తెలిసింది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ కూడా ఇవ్వొద్దు. పిల్లికి సరిపడే నొప్పిమందు వేరే ఉంది, దాన్ని డాక్టరే తూకం చూసి ఇవ్వాలి.

పైపూతలకీ ఇదే జాగ్రత్త. పిల్లి ఒంటికి ఏం రాసినా అది నాలిక మీదకే పోతుంది. డెటాల్ దానికి విషం. వానాకాలంలో పుండుకి పురుగులు పడితే కర్పూరం కలిపిన కొబ్బరినూనె, కలరా ఉండల పొడి వేయమనే పెద్దవాళ్లు మా వీధిలో ఇప్పటికీ ఉన్నారు. రెండూ పిల్లికి విషమే. పురుగులు పడ్డ పుండుకి ఇంట్లో వైద్యం లేదు, ఆసుపత్రిలో ఒక్కొక్కటీ ఏరి తీస్తారు. కుక్కల పిడుదులకి వాడే మందుల్లో పెర్మెత్రిన్ ఉన్నవి కూడా పిల్లి దగ్గరికి రానివ్వద్దు.

మనం చేయగలిగింది కడగడం. అర లీటరు నీళ్లు కాచి, చల్లారాక, తలకొట్టిన చెంచాడు ఉప్పు కలిపి, సూది తీసేసిన సిరంజితో గాయం మీద మెల్లగా పోయాలి. లోతైన గాయమైతే అదీ వద్దు, శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకెళ్లండి.

గవర్రాజుకి తోక మొదట్లో బియ్యపుగింజంత రంధ్రం ఒక్కటే ఉంది. ఇంకో గండుపిల్లి కోర దిగిన చోటు. పారిపోతుంటే కరిచిందన్నమాట, ఎదురు నిలబడితే మొహం మీదో ముంగాళ్ల మీదో పడేది. ఈ చిన్న రంధ్రాన్నే తేలిగ్గా తీసుకుంటాం. కోర సూదిలా సన్నగా ఉంటుంది, సూక్ష్మక్రిములని లోపల వదిలేస్తుంది, పైన చర్మం ఒక్కరోజులో మూసుకుంటుంది. రెండు మూడు రోజులకి ఆ చోటు వేడిగా ఉబ్బి చీము పడుతుంది, జ్వరం వస్తుంది, తిండి మానేస్తుంది. అందుకే మర్నాడు పొద్దున్నే తీసుకెళ్లాను. ఇంజెక్షను, వారం రోజుల మాత్రలతో పోయింది. మూడోరోజు దాకా ఆగుంటే మత్తిచ్చి కోయాల్సి వచ్చేదన్నారు. కుక్క కరిస్తే మరీ మోసం. పైన రెండు గాట్లే కనపడినా కుక్క పట్టి విదిలిస్తుంది కాబట్టి లోపల కండ చిరిగిపోయి ఉంటుంది.

సంక్రాంతి రోజుల్లో కాళ్లకి, మెడకి మాంజా చుట్టుకుందేమో వెతకండి. నైలాన్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది, అయినా మా మేడల మీద ప్రతి ఏడూ కనపడుతూనే ఉంది. చర్మంలో దిగిపోయిన దారాన్ని లాగొద్దు. వేలాడే కొసని మాత్రం కత్తిరించి డాక్టరుకి వదిలేయండి.

తీసుకెళ్లడానికి బుట్ట లేకపోతే కన్నాలు పెట్టిన అట్టపెట్టె చాలు. పిల్లిని తువ్వాలులో చుట్టి దించండి. నడుం విరిగిందేమో అన్న అనుమానం ఉంటే చేతుల్లోకి ఎత్తకుండా చాట మీదకి మెల్లగా జరిపి, చాటతో సహా తీసుకెళ్లండి. పెట్టె మీద గుడ్డ కప్పితే ఆటో హారన్లకి బెదరదు. ఒళ్లు చల్లగా ఉంటే వేడినీళ్ల సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. దారిలో నీళ్లూ పాలూ పట్టకండి, మత్తివ్వాల్సి రావచ్చు. బయల్దేరే ముందు ఫోన్ చేసి పిల్లుల్ని చూస్తారా, ఎక్స్‌రే ఉందా అని అడిగితే ఒక తిరుగుడు తప్పుతుంది. ఎవరూ దొరక్కపోతే 1962కి చేసి దగ్గర్లోని పశు వైద్యశాల కనుక్కోండి. ఆ నంబరుకి వచ్చే సంచార పశువైద్య వాహనాలు ముఖ్యంగా పాడి పశువుల కోసం పెట్టినవి, అయినా అడగడంలో తప్పులేదు.

ఈ హడావుడిలో మీ చెయ్యి మర్చిపోకండి. నొప్పిలో ఉన్న పిల్లి పెంచినవాళ్లనీ కరుస్తుంది. కరిచినా రక్కినా కుళాయి కింద పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి, అదేరోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోండి. తర్వాతివి 3, 7, 28వ రోజుల్లో వేస్తారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇంటికొచ్చాక ఒక చిన్న గది, ఇసుక తొట్టి, నీళ్లు. ఒంటేలు పోస్తోందా లేదా కనిపెట్టండి, పన్నెండు గంటలు గడిచినా ఇసుక తడవకపోతే డాక్టరుకి చెప్పాలి. ఒకరోజు ఏమీ తినకపోయినా చెప్పాలి, పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే కాలేయానికి కొవ్వు పడుతుంది. గవర్రాజుకి కానాగంతలు ఉడకబెట్టి ముళ్లు తీసి గోరువెచ్చగా పెట్టాను, ఉప్పు, ఉల్లిపాయ లేకుండా. ఆ వాసనకే లేచాడు.

పుండు మానాక ఆ ఆసుపత్రిలోనే పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించాను. గండుపిల్లుల పోట్లాటలకి అంతకంటే మంచి మందు నాకు కనపడలేదు. పన్నెండో రోజున వదిలాను, అదీ కడుపునిండా పెట్టకుండా, సాయంత్రం భోజనానికి అరగంట ముందు. గిన్నె చప్పుడు చేయగానే గోడ మీంచి దిగాడు.