24 గంటల్లో 1000 కిలోమీటర్లు: శ్రీకాకుళం నుంచి తొలి ఎండ్యూరెన్స్ ర్యాలీకి సిద్ధమయ్యేవారికి

ఎండ్యూరెన్స్ రైడింగ్‌లో, అంటే మోటార్‌సైకిల్ మీద ఓపికకు పరీక్షలా చాలా దూరం పోవడంలో, అందరూ చెప్పుకునే కొలత అమెరికాలోని ఐరన్ బట్ అసోసియేషన్‌ది: 24 గంటల్లో 1000 మైళ్లు, అంటే దాదాపు 1610 కిలోమీటర్లు. కొత్తగా ఈ పిచ్చి పట్టిన ప్రతివారి కన్నూ ముందు దానిమీదే పడుతుంది. ఒకసారి కాగితం మీద లెక్క వేయండి. నాలుగు లైన్ల హైవేలో మోటార్‌సైకిల్‌కి కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ వేగం గంటకు 80. ఎక్కడా ఆగకుండా, బ్రేకు మీద కాలు పెట్టకుండా ఆ వేగంతోనే పోయినా 1610కి 20 గంటలు దాటుతుంది. లారీలు, ఊళ్ల జంక్షన్లు, రోడ్డు పనుల డైవర్షన్లు కలుపుకుంటే మన ఎన్‌హెచ్ 16 మీద నిజంగా పడే సగటు 65 నుంచి 70. 70 సగటుతో పోయినా 23 గంటలు సీటు మీదే అయిపోతాయి. పెట్రోలుకీ, తిండికీ, కునుకుకీ కలిపి మిగిలేది గంటే. వేగ పరిమితి దాటడమో, నిద్ర మానేయడమో చెయ్యకుండా అది మన రోడ్డు మీద కుదిరే పని కాదు. తొలిసారి వెళ్లేవారికి సరైన కొలత 24 గంటల్లో 1000 కిలోమీటర్లు. కింద చెప్పేదంతా దాని గురించే.

దారి, టైము

శ్రీకాకుళం నుంచి దక్షిణంగా వెళ్లి అదే దారిన తిరిగి రావడం సులువు. ఆనందపురం దగ్గర విశాఖ ఊళ్లోకి పోకుండా పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి చేరే ఆరు లైన్ల రోడ్డు పట్టుకోవాలి. తర్వాత తుని, రాజమండ్రి, ఏలూరు, విజయవాడ, గుంటూరు. చాలామంది గుంటూరులో వెనక్కి తిరిగితే సరిపోతుందనుకుంటారు. అక్కడ తిరిగితే మొత్తం 1000కి అటూ ఇటూగా వచ్చి ఆగుతుంది, పది కిలోమీటర్లు తగ్గినా సర్టిఫికెట్ రాదు. బండి మీటరు సాధారణంగా 2 నుంచి 5 శాతం ఎక్కువ చూపిస్తుంది, నిర్వాహకులు మాత్రం మ్యాప్ దూరమే లెక్కేస్తారు. కాబట్టి చిలకలూరిపేట దాకా పోయి తిరగండి, రానూపోనూ సుమారు 1060 అవుతుంది. విజయనగరం నుంచి బయలుదేరేవారు ఇంకొంచెం ముందుకు, మేదరమెట్ల దాకా పోవాలి. చివరి నిర్ణయానికి ముందు మ్యాప్‌లో మీ బంకు నుంచి బంకుకి కొలుచుకోండి.

బయలుదేరే సమయం తెల్లవారుజామున 4. ఎందుకంటే మనిషి ఒళ్లు పూర్తిగా వాలిపోయేది రాత్రి 2 నుంచి 5 మధ్య, రోజంతా నడిపి అలిసిన ఒంటితో ఆ వేళలో సీటు మీద ఉండకూడదు. సగటు 65 వేసుకుంటే 1060కి 16 గంటల 20 నిమిషాలు, ఆగడానికి రెండున్నర గంటలు. అంటే రాత్రి 11కి ఇంటికి. చేతిలో ఇంకా 5 గంటలు ఉంటాయి. వాన, పంచర్, విజయవాడ ట్రాఫిక్, మధ్యలో గంటన్నర పడక, అన్నీ ఆ మూటలోంచే ఖర్చు పెట్టాలి. ముందు వారం రోజులు రాత్రి 8 గంటలకే పడుకునే అలవాటు చేసుకోకపోతే 4 గంటల ముహూర్తం పెట్టుకోవడం దండగ.

డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అక్టోబరు, నవంబరు నెలలు ఈ తీరానికి తుపాన్లవి: 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. సంక్రాంతికి ముందూ వెనకా వారం రోజులు హైవే జోలికి పోవద్దు. జనవరిలో పొగమంచు తెల్లారాక కూడా గంటసేపు ఉంటుంది. అప్పుడు వేగం సగానికి దించి, ముందు లారీకి మరీ దగ్గరగా అంటుకోకుండా పోవాలి.

ఆగినప్పుడే టైము పోతుంది

వంద కిలోమీటర్లకోసారి టీ అని ఆగి, ఒక్కోసారి 20 నిమిషాలు కూర్చుంటే పదిసార్లకు 3 గంటల 20 నిమిషాలు. ఆ టైమును వేగంతో రాబట్టాలంటే ఎవరి తరమూ కాదు. ట్యాంకు లెక్కతో ఆగే చోట్లు ముందే రాసుకోండి. 13 లీటర్ల ట్యాంకు, లీటరుకు 30 కిలోమీటర్లిచ్చే బండి అయితే కాగితం మీద 390 వస్తుంది. కానీ 250కే పోయించాలి. ఎదురుగాలిలో మైలేజీ పడిపోతుంది, పైగా రాత్రిపూట అనుకున్న బంకు మూసి ఉంటే తర్వాతిదాకా పోగలగాలి. ఈ లెక్కన మొదట, చివర కాకుండా మధ్యలో నాలుగుసార్లు పెట్రోలు చాలు. ఆగినప్పుడు వరస మార్చకండి: పెట్రోలు, బిల్లు, మీటరు ఫొటో, బండి పక్కకు పెట్టి మూత్రానికి, నీళ్ల సంచి నింపడం, వైజర్ తుడవడం, చైన్ మీద, టైర్ల మీద ఒక చూపు. హెల్మెట్ తీసి అద్దం మీద పెట్టారో, అది ఎప్పుడో ఒకప్పుడు కిందపడుతుంది. నేల మీదే పెట్టండి.

బండి

ఖరీదైన బండి అక్కర్లేదు. 150 సీసీ బండి కూడా ఈ పని చేస్తుంది, గంటకు 70 మీద ఇంజిన్ అరవకుండా నడిస్తే చాలు. ముఖ్యమైన నియమం ఒకటే: ఏ పనైనా బయలుదేరే రోజుకు పది రోజుల ముందే పూర్తి చేసి, కనీసం 300 కిలోమీటర్లు నడిపి చూడాలి. ముందురోజు ఆయిల్ మార్పించి, డ్రెయిన్ బోల్టు కింద పాత వాషరే వేస్తే ఆయిల్ చుక్కచుక్కగా కారి తునిలో తెలుస్తుంది.

చైన్ దగ్గర ఎక్కువమంది తప్పు చేస్తారు. ప్లే, అంటే చైన్ పైకీ కిందికీ ఆడే వదులు, ఎంత ఉండాలో మాన్యువల్‌లో ఉంటుంది, చాలా బండ్లకు 25 నుంచి 35 మిల్లీమీటర్లు. బిగుతుగా ఉంటేనే మంచిదనుకుని మెకానిక్ దగ్గర లాగించేస్తారు. సామాను, మనిషి బరువుకు సస్పెన్షన్ దిగినప్పుడు చైన్ ఇంకా బిగుస్తుంది, దాంతో గేర్‌బాక్స్ బయటి షాఫ్ట్ బేరింగు దెబ్బతింటుంది. బండిని ఎలా నిలబెట్టి కొలవమని మాన్యువల్ చెబితే అలాగే కొలవండి. చక్రం తిప్పుతూ నాలుగు చోట్ల కొలవాలి. ఒకచోట బిగుతు, ఒకచోట వదులు ఉంటే చైన్ సాగిపోయింది, స్ప్రాకెట్లతో సహా సెట్టు మార్చాల్సిందే. స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగినా అంతే. దారిలో 500 కిలోమీటర్లకు, వానైతే 250కి లూబ్ కొట్టాలి. వేడిగా ఉన్నప్పుడే లోపలి వైపు నుంచి కొట్టి, ఐదు నిమిషాలు ఆగి పైపైది తుడిచేయండి. లేకపోతే వెనక టైరు మీద చిందుతుంది.

టైరు పక్క గోడ మీద నాలుగు అంకెల ముద్ర ఉంటుంది: 2423 అంటే 2023లో 24వ వారం. ఐదేళ్లు దాటితే గాడులు బాగున్నా మార్చండి. గాడి లోతు 3 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే వానలో నమ్మకండి. గాలి చల్లని టైరులో, స్వింగ్ ఆర్మ్ దగ్గర స్టిక్కర్‌లో ఉన్న లెక్కకు కొట్టించండి. దారిలో టైరు వేడెక్కి మూడు నాలుగు పీఎస్ఐ పెరుగుతుంది, అది చూసి గాలి తీసేయవద్దు, చల్లారాక తగ్గిపోతుంది. ట్యూబ్‌లెస్ అయితే పంచర్ కిట్, ఆరు రబ్బరు పట్టీలు, చిన్న 12 వోల్టుల పంపు. స్పోక్ చక్రాలైతే రెండు సైజుల ట్యూబులు, మూడు టైరు లీవర్లు. వాటిని ఒక్కసారైనా ఇంటి దగ్గర వాడి చూడండి. అర్ధరాత్రి సెల్‌ఫోన్ వెలుగులో నేర్చుకునే పని కాదది.

క్లచ్ కేబుల్‌కి ఒక చిట్కా: కొత్త కేబుల్‌ని పాతదాని పక్కనే అదే దారిన పోనిచ్చి టేపు చుట్టి ఉంచండి. పాతది తెగితే రెండు కొసలు మార్చుకుంటే చాలు, పది నిమిషాల పని. బ్యాటరీ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య చూపించాలి. ఫోన్ చార్జరు వైరు బ్యాటరీకి నేరుగా తగిలిస్తే మధ్యలో 5 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరి. సామాను బరువుకు వెనక దిగి హెడ్‌లైటు పైకి లేస్తుంది, కాబట్టి సామాను కట్టాకే లైటు ఎత్తు సరిచూసుకోండి.

ఒళ్లు

పిరుదుల నొప్పి సీటు వల్ల కంటే చెమట వల్ల, కుట్ల వల్ల ఎక్కువ వస్తుంది. నూలు లోదుస్తులు చెమట పట్టి ఉంచుకుంటాయి, కుట్టు దగ్గర తోలు రేగుతుంది. సైకిల్ తొక్కేవారి లాంటి కుట్లు లేని నిక్కరు వేసుకుని, రాసుకునేచోట వాజలైన్ పూయండి. చెవిలో ఫోమ్ ప్లగ్గులు పెట్టుకుంటే గాలి హోరు తగ్గి అలసట సగం పోయినట్టుంటుంది, హారన్లు వినబడతాయి. హెల్మెట్ ఐఎస్ఐ మార్కుతో, ముఖం మొత్తం కప్పేది. వైజర్ రాత్రికి తెల్లది, నల్లది పగటికి మాత్రమే. గాలి ఆడని కోటు తెల్లవారి చలికి, వాన కోటు విడిగా.

నీళ్లు దాహమేసే దాకా ఆగకుండా వీపు సంచి గొట్టంలోంచి కొద్దికొద్దిగా తాగాలి. గంటకు అరలీటరు, ఎండలో కాస్త ఎక్కువ. ప్రతి రెండో సంచిలో ఓఆర్ఎస్ కలపండి, పొట్లం మీద రాసినన్ని నీళ్లలోనే. మూత్రం ముదురు పసుపైతే వెనకబడ్డట్టే. తిండి కొంచెం కొంచెంగా: బయలుదేరే ముందు చోడి (రాగి) అంబలి, దారిలో ఇడ్లీ, అరటిపండు, పల్లీ చిక్కీ, ఉప్పు వేసిన పలాస జీడిపప్పు. మధ్యాహ్నం బిర్యానీ తిన్నవారికి 2 గంటలకల్లా హైవే మీద కళ్లు మూతపడతాయి. కాఫీ ఒకటి రెండుసార్లు చాలు.

నిద్ర సంగతి కచ్చితంగా చెప్పాలి. 80 వేగంలో సెకనుకు 22 మీటర్లు పోతారు, మూడు సెకన్లు కన్ను మూతపడితే 66 మీటర్లు గుడ్డిగా పోయినట్టు. గుర్తులు ఇవి: దాటిన ఊరు గుర్తులేకపోవడం, డిప్పర్ కొట్టడం మరచిపోవడం, వేగం దానంతటదే తగ్గుతూ పెరుగుతూ ఉండటం, తెల్లగీత మీదికి వాలిపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా వెలుతురున్న బంకులో ఆగి, చిన్న కాఫీ తాగి, 20 నిమిషాలకు అలారం పెట్టుకుని పడుకోండి. కాఫీ పనిచేసే వేళకు లేస్తారు. పాటలు గట్టిగా పెట్టుకోవడం, వైజర్ ఎత్తి గాలి తగిలించుకోవడం నిద్రను ఆపవు. లేచాక కూడా గుర్తులు పోకపోతే ర్యాలీ అక్కడితో సరి, గది తీసుకోండి.

రాత్రి ప్రయాణంలో అసలు గండాలు: దీపం లేని ట్రాక్టర్లు, వరికోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, డివైడర్ గండిలోంచి దూరే పశువులు, రాంగ్ రూట్‌లో వచ్చే బండ్లు. టోల్ గేట్ల దగ్గర టూవీలర్ దారి ఎడమ చివరన ఉంటుంది. మడపాం, నాతవలస లాంటి చోట్ల అది ఇరుకు, పైగా డీజిల్, ఆయిల్ చుక్కలు పడి జారుతుంది. పక్కకు వాలకుండా, బ్రేకు కొట్టకుండా మెల్లగా పోనివ్వండి.

కాగితాలు, సాక్ష్యం

పూర్తిచేశారని చెప్పేది బిల్లులే. మొదటి పెట్రోలు బిల్లులో ఉన్న టైము మీ ప్రారంభం, చివరి బిల్లు ముగింపు. వచ్చిన దారినే తిరిగితే వెనక్కి తిరిగే చోట కూడా బిల్లు తప్పనిసరి, లేకపోతే అక్కడిదాకా వెళ్లారని రుజువుండదు. బిల్లు చేతికి రాగానే తేదీ, టైము, ఊరు చూడండి. మిషన్ గడియారం గంట తేడాతో ఉండటం మామూలే. తప్పుంటే దగ్గరలోని ఏటీఎం చీటీ తీసి జతపరచండి. థర్మల్ కాగితం ఎండకు చెరిగిపోతుంది కాబట్టి అక్కడికక్కడే ఫొటో తీయండి. చాలా చోట్ల మొదట, చివర సాక్షి సంతకం కూడా అడుగుతారు, రాత్రి 11కి సంతకం పెట్టే మనిషిని ముందే మాట్లాడుకోండి.

ఇన్సూరెన్స్ పాలసీలో వాడకం పరిమితులు అనే భాగం చదవండి. రేసులు, వేగ పరీక్షలు, రిలయబిలిటీ ట్రయల్స్‌లో వాడితే వర్తించదని ఉంటుంది. నిర్వాహకులు ఈవెంటుకు విడిగా కవర్ తీశారా అని రాతపూర్వకంగా అడగండి. ప్రభుత్వం అనుమతి లేకుండా బహిరంగ రోడ్డు మీద వేగ పోటీ పెట్టడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 కింద నేరం. ముందొచ్చినవారికి బహుమతి అనే ర్యాలీ ప్రకటన కనబడితే దూరంగా ఉండండి. ఫోన్ లాక్ తెర మీద ఇంటివారి నంబరు, రక్తం గ్రూపు పెట్టుకోండి. హైవే సాయానికి 1033, అత్యవసరానికి 112.

పాయింట్ల ర్యాలీ అయితే

ఇందులో చోట్ల జాబితా ఇస్తారు, ఒక్కో చోటికి ఇన్ని పాయింట్లు. అన్నిటికీ పోవాలనుకున్నవారు టైముకి రారు. పాయింట్లను గంటలతో భాగించి చూడాలి. ఉదాహరణకి శ్రీకాకుళం నుంచి కళింగపట్నం లైట్‌హౌస్‌కి 300 పాయింట్లు, రానూపోనూ గంటన్నర అనుకుందాం, గంటకు 200. ఊళ్లోనే ఉన్న అరసవల్లికి 100 పాయింట్లు, 20 నిమిషాలు: గంటకు 300. ముందు అరసవల్లే. పగలు మాత్రమే చెల్లే చోట్లు, గుడి మూసే వేళలు జాబితా చేతికి రాగానే గుర్తు పెట్టుకోండి. ఫొటోలో నిర్వాహకులిచ్చిన మీ నంబరు గుడ్డ, అడిగిన వస్తువు రెండూ పూర్తిగా పడాలి. టైము, మీటరు అంకె వెంటనే రాసుకోవాలి, తర్వాత గుర్తుచేసుకుని రాసింది పరిశీలనలో నిలవదు. ఆలస్యానికి నిమిషానికి ఇన్ని పాయింట్లు కోత ఉంటుంది, ఒక హద్దు దాటితే అసలు పూర్తిచేయనట్టే లెక్క.

ముందు చిన్నవి

నెల ముందు ఇచ్ఛాపురం దాకా వెళ్లి రండి, 260 దాకా వస్తుంది. రెండు వారాల ముందు రాజమండ్రి దాకా, సుమారు 600. అప్పుడు కట్టే సామాను, వేసుకునే బట్టలు, తినే తిండి అన్నీ అసలు రోజువే కావాలి. 600 తర్వాత ఎక్కడ రేగిందో, ఏ బోల్టు వదులైందో, ఏ వస్తువు సంచి అడుగున ఉండిపోయి దొరకలేదో రాసుకుని సరిచేయండి. ఈ 600లో మణికట్టు తిమ్మిరెక్కితే హ్యాండిల్ పట్టు గట్టిగా ఉన్నట్టే, లేదా లీవర్లు మరీ పైకి ఉన్నట్టు. లీవర్లను మోచేతి వాటానికి కాస్త కిందికి తిప్పించండి.