డ్యూటీలో ఉన్న పోలీసుల్ని, 108 సిబ్బందిని వీడియో తీసేటప్పుడు

విజయవాడ బెంజిసర్కిల్‌లో ట్రాఫిక్ పోలీసులు బండి ఆపినా, గుంటూరు శంకర్‌విలాస్ సెంటర్‌లో లాఠీ లేచినా, నడిరోడ్డు మీద డ్యూటీలో ఉన్నవాళ్లని వీడియో తీయకూడదని చెప్పే చట్టం మన దేశంలో లేదు. కేసు వస్తే ఎక్కువగా డ్యూటీకి అడ్డుపడ్డారనే వస్తుంది. భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 221 కింద మూడు నెలల దాకా జైలు, లేదా 2,500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అందుకే ఎక్కడ నిలబడ్డారన్నదే ముఖ్యం.

పది పన్నెండడుగుల దూరంలో, ఏదైనా షాపు షట్టరుకి వీపు ఆనించి నిలబడండి. జరగమంటే కెమెరా ఆపకుండానే రెండడుగులు వెనక్కి వేసి, "సరే సార్, జరుగుతున్నాను, అడ్డం రావట్లేదు" అని పైకే అనండి. ఆ మాట రికార్డులో పడాలి. చెయ్యి విసిరారంటే మాత్రం సంగతి అదే చట్టంలోని సెక్షన్ 132 దాకా, అంటే డ్యూటీలో ఉన్న ఉద్యోగి మీద దాడి కేసు దాకా పోతుంది.

108 దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. స్ట్రెచర్ వెనక తలుపుల్లోంచి దిగుతుంది కాబట్టి ఆ వైపు మీరూ ఉండకూడదు, మీ స్కూటీ కూడా ఉండకూడదు. ఫ్లాష్ ఆపేయండి. సెలైన్ సూదికి నరం వెతుకుతున్న మనిషి కళ్లలో ఆ వెలుగు పడితే సూది తప్పుతుంది. గాయపడ్డవాళ్ల మొహాలు దయచేసి తీయకండి, వద్దని చెప్పే ఓపిక కూడా వాళ్లకి ఉండదు. అత్యాచార బాధితులు, కేసుల్లో ఉన్న పిల్లలు ఎవరో తెలిసేలా బయటపెడితే అది నేరం.

ఫోన్ అడ్డంగా పట్టుకోండి. కాల్ వస్తే కొన్ని ఫోన్లలో రికార్డింగు ఆగిపోతుంది, ముందే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మొదట చుట్టుపక్కల బోర్డులు ఓసారి చూపించి, తేదీ, టైము చెప్పండి. తర్వాత యూనిఫాం మీది నేమ్‌ప్లేట్, బండి నంబరు.

చేతిలోంచి ఫోన్ లాక్కుని వీడియో చెరిపేసే అధికారం ఏ చట్టమూ ఇవ్వలేదు. సాక్ష్యంగా స్వాధీనం చేసుకుంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 106 ప్రకారం మేజిస్ట్రేటుకి తెలపాలి, కాబట్టి రసీదు అడగండి. పెనుగులాడొద్దు. చెరిపేసినా చాలా ఫోన్లలో గ్యాలరీ ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో నలిగిపోయి నేమ్‌ప్లేట్ అక్షరాలు కనపడవు, డాక్యుమెంట్‌గా పంపండి. అసలు ఫైలుని కత్తిరించకండి, పేరు కూడా మార్చకండి. కోర్టుకిచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్‌లో ఆ ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలుకి వేలిముద్రలాంటి కోడ్, రాయాలి, ఒక్క సెకను కత్తిరించినా అది మారిపోతుంది.