కొబ్బరినూనె రిపోర్టులో ‘లారిక్‌గా’ అని ఉంటే ఎలా చదవాలి

కవిటి, కంచిలి వైపు సొంత ఎండుకొబ్బరి ఆడించుకునేవాళ్ల చేతికి ఎప్పుడో ఒకసారి ల్యాబ్ కాగితం వస్తుంది. అందులో ‘ఎఫ్ఎఫ్ఏ (ఫ్రీ ఫ్యాటీ యాసిడ్స్, అంటే విడి కొవ్వు ఆమ్లాలు), లారిక్‌గా, 0.5 శాతం’ అని ఉంటుంది. మొదటిసారి చూసి, సగం లారిక్ ఉండాల్సిన నూనెలో అర శాతమేంటని తెగ టెన్షన్ పడ్డాను. అనవసరంగా.

లారిక్ ఆమ్లం అంటే 12 కార్బన్లున్న కొవ్వు ఆమ్లం, పుస్తకాల్లో సి12:0 అని రాస్తారు. మొదటిది కార్బన్ల లెక్క, రెండోది ద్విబంధాల లెక్క. సున్నా ఉంటే సంతృప్తం అన్నమాట. నువ్వుల నూనెలో ఎక్కువగా కనిపించే ఓలిక్ సి18:1. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్కే, కానీ విడిగా ఉండదు, మూడేసి కొవ్వు ఆమ్లాలు ఒక్కో గ్లిజరాల్‌ని పట్టుకుని ఉంటాయి. కొబ్బరి సరిగ్గా ఆరక చెమ్మ మిగిలి బూజు పట్టిందంటే ఆ పట్టు ఊడి కొన్ని విడిపోతాయి. ఎఫ్ఎఫ్ఏ అంటే ఆ విడిపోయినవే, నూనెలో ఉన్న మొత్తం లారిక్ కాదు.

కొలిచే పద్ధతి ఇంటర్ ల్యాబ్‌లో చేసిందే. నూనెని ఆల్కహాల్‌లో కలిపి, రంగు మారి చూపించే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలేసి, లేత గులాబీ రంగు తిరిగి నిలబడేదాకా బ్యూరెట్ నుంచి క్షారం వదలడం. క్షారం ఎంత పట్టిందో తెలుస్తుంది గానీ, పట్టింది లారిక్కో, మిరిస్టిక్ లాంటి ఇంకో కొవ్వు ఆమ్లమో ఆ రంగుకేం తెలుసు? అందుకని కొబ్బరినూనెకి అన్నీ లారిక్కే అనుకుని బరువు కడతారు. నువ్వుల నూనెకి, వేరుశనగ నూనెకి ఓలిక్‌గా, పామాయిల్‌కి పామిటిక్‌గా.

అసలు తిరకాసు ఇక్కడే. లారిక్ అణుభారం 200, ఓలిక్‌ది 282, కాబట్టి అదే నూనె, అదే క్షారం, అయినా లారిక్‌గా 0.5 వచ్చింది ఓలిక్‌గా రాస్తే 0.7 అవుతుంది. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి ఈ మిల్లు మంచిది, అది కాదు అనేముందు ‘ఏ ఆమ్లంగా’ అన్న మాట వెతకండి. ఒకదాంట్లో ఆమ్ల విలువ (యాసిడ్ వాల్యూ, అంటే గ్రాము నూనెకి ఎన్ని మిల్లీగ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ క్షారం పట్టిందో) అని ఉంటే లారిక్ శాతాన్ని 2.8తో గుణించి పోల్చుకోండి; ఓలిక్‌దైతే 1.99తో.

అంకె ఎక్కువొస్తే ముందు అనుమానించాల్సింది మిల్లుని కాదు, మన కళ్లాన్ని. ఎండుకొబ్బరిలో తేమ 6 శాతం దగ్గరకి దిగాలి. ముక్క విరిస్తే టక్కున విరగాలి, వంగిందంటే ఇంకో రెండ్రోజులు ఎండలో వేసి అప్పుడు ఆడించండి.