ఇంట్లో వడ్లు దాచేవాళ్లు గోలీల జోలికి పోవద్దు

మొన్న మా పక్క ఊళ్లో ఒక ఇంటివాళ్లు విత్తనాల వడ్లలో చిలకలు (రెక్కల పురుగులు) లేస్తున్నాయని బస్తాల మధ్య పురుగుల్ని చంపే గ్యాస్ గోలీలు పెట్టి, అదే అర్రలో పండుకున్నారు. నడిరాత్రి అందరికీ వాంతులు. రాత్రి తిన్న కూర పడలేదేమో అనుకుని తెల్లారేదాకా ఆగారు. చిన్నపిల్ల దక్కలేదు. యాసంగి వడ్లు ఇళ్లకు చేరాయి, మిరుగు ముంగిట్లో ఉంది. అందుకే ఇప్పుడే చెబుతున్నాను.

వడ్ల చిలక: దీని పురుగు గింజలో దూరి, లోపలిదంతా తిని, గుండ్రటి బొక్క చేసుకుని రెక్కలతో బయటికొస్తుంది. పొలంలోనే గింజను పట్టి వస్తుంది కాబట్టి బస్తా ఎంత బిగించి కుట్టినా ఆగదు. అయితే కుప్ప లోతుకు పోదు. గుమ్మిలో పై జానెడు గింజలే చూడండి. తేమ 12 శాతం లోపుకు వచ్చేదాకా ఎండబెట్టండి.

ఎలుక: ఇది బయటి నుంచి వస్తుంది. అర అంగుళం సందు చాలు, చిట్టెలుకకు అందులో సగం చాలు. తిన్నదానికన్నా మూత్రంతో పాడుచేసేది ఎక్కువ. బస్తాలు చెక్కల మీద, గోడకు మూరెడు దూరంలో పెట్టండి. బోను పెట్టండి.

ఒకటి లోపలి దొంగ, ఒకటి బయటి దొంగ. మనవాళ్లు మాత్రం రెండింటికీ ఒకటే గోలీ పెడుతున్నారు, గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్. 3 గ్రాముల గోలీకి గాలిలో తేమ తగిలితే 1 గ్రాము ఫాస్ఫీన్ గ్యాస్ వస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. శిక్షణ ఉన్నవాళ్లు తప్ప ఎవరూ ముట్టకూడని మందు అది, అడిగితే దొరుకుతోంది.

మనుషులు పండుకునే ఇంట్లో గోలీ పెట్టొద్దు.
పక్క అర్రలో పెట్టి తలుపేసినా పెట్టొద్దు, గ్యాస్ సందుల్లోంచి వస్తుంది.
కొట్టంలోనూ వద్దు.
ఒక్క గోలీయే కదా అనొద్దు.
వాసన రావట్లేదని నమ్మొద్దు.
దుకాణంలో ఎవరో చెప్పారని తేవొద్దు.
గోలీ మీద నీళ్లు పోయొద్దు, గ్యాస్ ఇంకా ఎక్కువ లేస్తుంది.
ఇప్పటికే పెట్టి ఉంటే ముందు పిల్లల్ని, ముసలివాళ్లను బయటికి తేండి. వడ్ల కోసం మళ్లీ లోపలికి పోవద్దు.
వాంతులు, గుండె బరువు, ఆయాసం ఉంటే కూర మీద అనుమానం పెట్టుకోవద్దు. 108కి ఫోన్ చేసి, గోలీలు పెట్టామని మొదటి మాటగా చెప్పండి. సిగ్గుపడి దాచొద్దు.
మళ్లీ చెబుతున్నా, మనుషులు పండుకునే ఇంట్లో గోలీ పెట్టొద్దు.