సెమిస్టర్ మొదలయ్యేలోపు: ఓపెన్ సోర్స్ సేవా ప్రాజెక్టులు చేయించే లెక్చరర్లకు జాగ్రత్తలు

ఆసుపత్రి రికార్డుల సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఎమ్మారెస్, విపత్తుల మ్యాపులు గీసే హ్యూమానిటేరియన్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ లాంటి ఓపెన్ సోర్స్ (కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే) ప్రాజెక్టుల్లో ఈసారి పిల్లలతో పని చేయించాలనుకుంటే ఇవి చూసుకోండి.

• "పుల్ రిక్వెస్ట్ (పంపిన మార్పు) మెర్జ్ అయితేనే (ప్రాజెక్టులో కలిస్తేనే) మార్కులు" అని పెట్టకండి. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు మార్పులు పంపితే టీషర్టు ఇచ్చే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో 2020లో ఆ టీషర్టు కోసం రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైలులో) ఒకటి రెండు పదాలు మార్చి పంపినవి వెల్లువెత్తాయి. ఒప్పుకున్న ప్రాజెక్టులకే పోటీ వర్తిస్తుందని మధ్యలో రూల్ మార్చాల్సి వచ్చింది. టీషర్టుకే అలా ఉంటే మార్కులకు చెప్పాలా! రివ్యూ చేసేవాళ్లలో చాలామంది వాలంటీర్లు. వాళ్లు విసిగిపోతే మీ తర్వాతి బ్యాచ్‌ను కూడా పట్టించుకోరు. సమస్యను అర్థం చేసుకున్న తీరుకు, రివ్యూకి స్పందించిన తీరుకు మార్కులు వేయండి.

• ఎంతమంది వస్తున్నారో మెయింటెయినర్లకు (ప్రాజెక్టును చూసుకునేవాళ్లకు) ముందే రాయండి. క్లాసంతా ఒకేరోజు వచ్చి పడితే కొత్తవాళ్లకని ఉంచిన పనులు ఇట్టే అయిపోతాయి.

• ప్రాజెక్టు బతికే ఉందా? గత నెలలో మార్పులు చేరాయా, ప్రశ్నలకు జవాబులొస్తున్నాయా చూడండి. గిట్‌హబ్‌లో లైకుల్లాంటి స్టార్ల సంఖ్య చూసి మోసపోవద్దు.

• ల్యాబ్ సిస్టమ్‌లో ముందు మీరే ఇన్‌స్టాల్ చేయండి. మీ ల్యాప్‌టాప్‌లో కాదు, ల్యాబ్‌లోనే. కాలేజీ ప్రాక్సీ (నెట్‌ను వడకట్టే సర్వర్) దగ్గర మావెన్ (జావా కోడ్‌కు కావాల్సిన లైబ్రరీలు తెచ్చే టూల్) డౌన్‌లోడ్లు ఆగిపోతే వారాలు వృథా.

• డెమో డేటా మాత్రమే వాడించండి. తెలిసిన క్లినిక్ నుంచి తెచ్చిన రోగి వివరాలు ఒక్క స్క్రీన్‌షాట్‌లో బయటికెళ్లినా వెనక్కి రావు.

• కోడింగ్ అంటే టెన్షన్ పడేవాళ్లకు టెస్టింగ్, డాక్యుమెంటేషన్, తెలుగు అనువాదం ఇవ్వొచ్చు. అవీ అసలు పనులే, మార్కులు కోయకండి.