పాత ఆవిరి కోతమిల్లు సంగతులు పెద్దాయన నోట చెప్పించాలంటే

"జేజినాయనా, ఆ కాలం సంగతులు చెప్పు" అని ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి ఎదురుగా కూర్చుంటే ఏమీ రాదు. నేను అలాగే మూడు ఆదివారాలు పోగొట్టుకున్నాను. నంద్యాలలో ఆవిరి ఇంజనుతో నడిచే కోతమిల్లులో బాయిలర్ చూసుకున్న మా జేజినాయన (తాత), "ఏముందిరా, మంట పెట్టేది, దుంగలు కోసేది" అని తుండుగుడ్డ దులుపుకుని లేచిపోయేవాడు. నాలుగోసారి ప్రశ్న మార్చాను. "తెల్లారకముందే మిల్లుకు పోయి మొట్టమొదట దేనిమీద చెయ్యి వేసేవాడివి?" అంతే, గంటన్నర ఆపలేదు.

కాబట్టి పని వరసలో అడగండి. మంటకు ముందే, బాయిలర్‌లో నీళ్లు ఎంతున్నాయో చూపే గాజు గొట్టంలో నీళ్లు చూసుకోవాలట. కింది కుళాయి తిప్పి కాస్త వదిలి మూస్తే నీళ్లు గబుక్కున పైకి లేవాలి, లేవలేదంటే లోపల మురికి అడ్డుపడి గొట్టం అబద్ధం చెబుతున్నట్టు. తర్వాత సన్న మంట. చల్లటి బాయిలర్‌ను ఒక్కసారిగా కాలిస్తే ఇనుము అన్నిచోట్లా ఒకేలా సాగదు, బాయిలర్ లోపలి గొట్టాల మొదళ్లలో కారుతుంది. మంటకు రంపపు పొట్టు, బెరడు చెక్కలే చాలు, బొగ్గు కొనే పనే లేదు. ఇంజను తిప్పేముందు సిలిండర్ కింది కుళాయిలు తెరిచి నీళ్లు పోనివ్వాలి, ఎందుకంటే ఆవిరి అణుగుతుంది గానీ నీళ్లు అణగవు, పిస్టన్ గుద్దితే సిలిండర్ మూతే పగులుతుంది. రంపాన్ని తిప్పే బెల్టు జారితే గుగ్గిలం పొడి చల్లాలి.

"భయమేసిందా" అని అడగొద్దు, "లేదులే" అంటారు. "నీళ్లు తగ్గితే ఏం చేసేవాడివి" అని అడగండి. మా జేజినాయన గొంతు అక్కడే తగ్గింది. గాజు గొట్టంలో నీళ్లు కనపడకపోతే చన్నీళ్లు పంపకూడదట, మంట లాగెయ్యాలట. మంటగూడు కప్పులో సీసం బిరడా ఒకటి ఉంటుంది, నీళ్లు తగ్గి రేకు వేడెక్కితే అది కరిగి ఆవిరి మంటమీదికి దూకుతుంది. ఒక రాత్రి అదే జరిగిందట. మా నాయనకు కూడా తెలియని సంగతి అది!

ట్రంకుపెట్టె కూడా వెతకండి. 1923 నాటి బాయిలర్ల చట్టం ప్రకారం ప్రతి బాయిలర్‌కూ నంబరు, ఏటేటా తనిఖీ కాగితం అప్పట్లో ఉండాల్సిందే. కాగితం దొరికితే సంవత్సరం తేలిపోతుంది, పెద్దవాళ్ల లెక్కలో "ఆ కరువు తర్వాత" అనేదే ఉంటుంది మరి.

వీలైతే ఇప్పటి సామిల్లుకు తీసుకెళ్లండి. చుట్టుకొలత 4 అడుగులు, పొడవు 10 అడుగులు ఉన్న దుంగను చూసి, చుట్టులో నాలుగో వంతు 1, ఒకట్లు ఒకటి, పదితో పెంచితే 10 ఘనపుటడుగులు అని, అక్కడి కుర్రాడు ఫోన్ తీసేలోపే మా జేజినాయన చెప్పేశాడు. రికార్డింగ్ మాత్రం అక్కడ చేయకండి, రంపం మోత తప్ప ఇంకేమీ పడదు. బయట టీ అంగడి దాకా నడిపించి అప్పుడు ఆన్ చేయండి.