పాత మారుతి 800కు ఇంజను మార్చే ముందు

ముందు బండి కింద చూడండి. కోనసీమ ఉప్పుగాలికి ఇంజను కంటే ముందు రేకు పోతుంది. ఇంజనును బిగించే మౌంటింగుల దగ్గర స్క్రూడ్రైవరుతో గుచ్చితే తుప్పు పొరలుగా రాలిందా, ఇంజను ఆలోచన మానుకోండి.

కొనబోయే ఇంజను డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) బయటకు తీయండి. ఆయిల్ మజ్జిగలా తెల్లగా ఉంటే లోపల నీరు చేరిందని అర్థం. వరదలో మునిగినదో, హెడ్ గాస్కెట్ (ఇంజను పైభాగం కింద ఉండే సీలు) పోయినదో కావచ్చు. ఎంత చవకైనా వద్దు. మూడు సిలిండర్ల కంప్రెషన్ (లోపల గాలిని నొక్కే ఒత్తిడి) దగ్గరుండి కొలిపించండి. కార్బురేటరు బండికి ఎంపీఎఫ్‌ఐ (పెట్రోలును ఎలక్ట్రానిక్‌గా చిమ్మే) ఇంజను తెస్తే వైరింగు, ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటరు), పెట్రోలు పంపు కూడా మార్చాలి. మొదటిసారి చేసేవారు అదే రకం ఇంజను ఎంచుకోవడమే మంచిది.

రసీదుపై ఇంజను నంబరు రాయించుకోండి. మార్చాక 14 రోజుల్లోగా రవాణా కార్యాలయానికి తెలిపి ఆర్సీలో నమోదు చేయించాలి.

విప్పే ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ తీసేయండి. ప్రతి గొట్టానికీ, తీగకూ చీటీ అంటించి ఫొటో తీసుకోండి.

ఇంజను ఎత్తే చైన్ బ్లాకును (గొలుసు కప్పీని) పాత వాసానికి కట్టకండి. వేలాడే ఇంజను కింద చెయ్యి పెట్టకండి.

పాత ఆయిల్, కూలెంట్ డబ్బాలో పట్టండి. కాలువలో మాత్రం పోయకండి, దిగువ ఊళ్ల మంచినీళ్ల చెరువులు నిండేది ఆ నీళ్లతోనే.